బీకన్ బటన్ నొక్కాక అవతల ఏం జరుగుతుంది?

మీరు అడిగింది ఇది: స్నేహితులతో కలిసి చిన్న తెరచాప పడవలో కొన్ని వారాల సముద్ర ప్రయాణం, ఆ తర్వాత మొబైల్ సిగ్నల్ అందని కొండల్లో ట్రెక్కింగ్ అనుకుంటున్నారు. ఎమర్జెన్సీ బీకన్ (ఆపదలో నొక్కితే ఉపగ్రహాలకు సంకేతం పంపే చిన్న పరికరం) తీసుకోమని అందరూ చెబుతున్నారు. అది నొక్కితే నిజంగా ఎవరైనా వస్తారా, ఎంతసేపటికి వస్తారు, ఫోన్లలోనే శాటిలైట్ ఎస్ఓఎస్ వచ్చాక ఇంకా దీని అవసరం ఏముంది?

వస్తారు. ఎంత తొందరగా కదులుతారన్నది మాత్రం మీరు బయల్దేరకముందు ఇంట్లో కూర్చుని చేసే ఒక చిన్న పని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ పని గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది వదిలేసేది అదే. నేను సరుకు ఓడల్లో డెక్ ఆఫీసర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఓడలో ఉన్న బీకన్‌ని నెలనెలా టెస్ట్ చేయడం నా డ్యూటీ. ఎక్కడో ఎవరిదో బీకన్ మోగితే ఆ కబురు మా బ్రిడ్జి (ఓడను నడిపించే గది) మీదకు రావడం, దాన్నిబట్టి మేం కదలడం కూడా చూశాను. బటన్‌కి ఇటువైపూ అటువైపూ నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు పేర్లు తేల్చుకుందాం. ఓడలకు, పడవలకు ఉండేది ఈపీఐఆర్‌బీ. మా వాళ్లంతా ఈపర్బ్ అంటారు. విమానాల్లో ఉండేది ఈఎల్‌టీ. మనిషి జేబులో పెట్టుకునే చిన్నది పీఎల్‌బీ. మూడూ పంపేది ఒకే రకమైన సంకేతం, వినేదీ ఒకే వ్యవస్థ. దాని పేరు కాస్పాస్-సార్సాట్. మీకు పడవలో ఈపర్బ్, కొండల్లో పీఎల్‌బీ కావాలి. పడవలో కూడా ఒక్కొక్కరి లైఫ్ జాకెట్‌కి ఒక్కో పీఎల్‌బీ ఉంటే ఇంకా మంచిది. మనిషి నీళ్లలో పడిపోయినప్పుడు పడవలో ఉన్న ఈపర్బ్ అతనితో పాటు పోదు కదా.

ఈ వ్యవస్థ పుట్టుక వెనక ఒక విషాదం ఉంది. 1972 అక్టోబర్‌లో అమెరికా కాంగ్రెస్ సభ్యులు హేల్ బాగ్స్, నిక్ బెగిచ్ ప్రయాణిస్తున్న చిన్న విమానం అలాస్కాలో గల్లంతైంది. 39 రోజులు గాలించారు. ఈ రోజుకీ ఆ విమానం ఆచూకీ లేదు. విమానాల్లో బీకన్ తప్పనిసరి చేసే నిబంధన అమెరికాలో ఆ తర్వాతే గట్టిపడింది. కానీ అప్పటి బీకన్ల కూత పైన ఏదైనా విమానం వెళ్తూ వింటేనే తెలిసేది. ఆ చెవిని అంతరిక్షంలో పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచనతో అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ చేతులు కలిపాయి. 1979లో ఒప్పందం, 1982 జూన్ చివర్లో మొదటి సోవియట్ ఉపగ్రహం. అది ఇంకా పరీక్షల దశలో ఉండగానే, ఆ సెప్టెంబర్‌లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కొండల్లో కూలిన చిన్న విమానం సంకేతాన్ని పట్టుకుంది. అందులోని ముగ్గురూ బతికారు. ప్రచ్ఛన్న యుద్ధం మంచి వేడి మీద ఉన్న రోజులవి. సోవియట్ ఉపగ్రహం విన్న కూతతో కెనడా వాళ్లు బతికారన్నది తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ వ్యవస్థ మీద గౌరవం పెరుగుతుంది. అప్పటి నుంచి ఇప్పటివరకు దీనివల్ల బయటపడినవాళ్లు 50 వేలకు పైనే.

ఇప్పుడు బటన్ నొక్కారనుకోండి. బీకన్ 406 మెగాహెర్ట్జ్ దగ్గర, 5 వాట్ల శక్తితో, సుమారు 50 సెకన్లకోసారి అర సెకను పాటు ఒక చిన్న డిజిటల్ సందేశం పంపుతుంది. అందులో మీ మాటలేమీ ఉండవు. ఆ బీకన్‌కి మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య, అది ఏ దేశానికి చెందిందో చెప్పే మూడంకెల కోడ్, బీకన్‌లో జీపీఎస్ ఉంటే అప్పటి స్థానం, అంతే. కాలు విరిగిందా, పడవ మునుగుతోందా, ఎంతమంది ఉన్నారు, ఇవేవీ ఆ సందేశంలో లేవు. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

జీపీఎస్ లేని బీకన్ ఎక్కడుందో ఉపగ్రహానికి ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. రైలు కూత వేస్తూ మన ముందు నుంచి దూసుకుపోతున్నప్పుడు, దగ్గరికి వచ్చేటప్పుడు కీచుగా, దాటిపోయాక మందంగా వినిపిస్తుంది. ఇక్కడ కదిలేది ఉపగ్రహం, కూత వేసేది బీకన్. 850 నుంచి 1,000 కిలోమీటర్ల ఎత్తులో వేగంగా పోతున్న ఉపగ్రహానికి బీకన్ ఫ్రీక్వెన్సీ మొదట కొంచెం ఎక్కువగా, దాటాక కొంచెం తక్కువగా అందుతుంది. ఆ మార్పు ఏ క్షణంలో, ఎంత వేగంగా జరిగిందో లెక్క కడితే బీకన్ స్థానం సుమారు 5 కిలోమీటర్ల లోపు తేలుతుంది. 1957లో స్పుత్నిక్ బీప్‌లు వింటూ అమెరికా శాస్త్రవేత్తలు దాని కక్ష్యను కనిపెట్టింది కూడా ఈ డాప్లర్ లెక్కతోనే. ఇక్కడ దాన్ని తిరగేశారు: వినేది ఉపగ్రహం, ఆచూకీ తేలేది నేల మీది బీకన్‌ది.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ఉపగ్రహం దారికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు స్థానాలు వస్తాయి. ఏది నిజమో తేలడానికి చాలాసార్లు మరో ఉపగ్రహం పైనుంచి పోవాలి. పైగా ఈ తక్కువ ఎత్తు ఉపగ్రహాలు కొన్నే ఉండటంతో, భూమధ్యరేఖ ప్రాంతాల్లో ఒక్కోసారి గంటకు పైగా ఎదురుచూడాల్సి వచ్చేది. 36,000 కిలోమీటర్ల ఎత్తులో స్థిరంగా కనిపించే ఉపగ్రహాలు సంకేతాన్ని వెంటనే వింటాయి గానీ, అవి మన దృష్టిలో కదలవు కాబట్టి డాప్లర్ లెక్క పనిచేయదు. స్థానం బీకనే చెప్పాలి. ధ్రువాల దగ్గరా, లోతైన లోయల్లోనూ వాటికి వినపడదు.

ఇప్పటి పరిస్థితి చాలా మెరుగు. దారి చూపే అమెరికా జీపీఎస్, యూరప్ గెలీలియో, రష్యా గ్లోనాస్ ఉపగ్రహాల మీదే ఈ రిసీవర్లు పెట్టారు. అవి 19,000 నుంచి 24,000 కిలోమీటర్ల మధ్య తిరుగుతాయి, ఎప్పుడు చూసినా నెత్తి మీద చాలానే ఉంటాయి. ఒకే సంకేతం వేర్వేరు ఉపగ్రహాలకు చేరిన సమయాల్లో, ఫ్రీక్వెన్సీల్లో ఉండే తేడాలను బట్టి స్థానం కట్టేస్తారు. గంటల మాట నిమిషాల్లోకి వచ్చింది. బీకన్‌లో జీపీఎస్ కూడా ఉండి, దానికి ఆకాశం సరిగ్గా కనిపిస్తే తేడా 100 మీటర్ల స్థాయికి దిగుతుంది. అందుకే జీపీఎస్ లేని బీకన్ ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

ఇంకో జాగ్రత్త. 121.5 మెగాహెర్ట్జ్ మీద మాత్రమే పనిచేసే పాత బీకన్లు ఇప్పటికీ అక్కడక్కడా చేతులు మారుతుంటాయి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం మానేశాయి. అది నొక్కితే ఉపగ్రహానికి ఏమీ తెలియదు. కొత్త బీకన్లలో 121.5 ఉంటుంది గానీ, అది చివరి కొన్ని మైళ్ల కోసం. దగ్గరికి వచ్చిన హెలికాప్టరో పడవో ఆ కూత ఏ దిక్కు నుంచి వస్తోందో చూసుకుంటూ మీ మీదకు వస్తుంది.

ఇక అసలు సంగతి. ఉపగ్రహం నుంచి సంకేతం నేల మీది స్టేషన్‌కి, అక్కడి నుంచి మిషన్ కంట్రోల్ సెంటర్‌కి, అక్కడి నుంచి ఆ ప్రాంతం బాధ్యత చూసే రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్‌కి చేరుతుంది. అక్కడ డ్యూటీలో ఉన్న ఆఫీసర్ ముందున్నది ఒక సంఖ్య, ఒక స్థానం. వచ్చే అలర్ట్‌లలో ఎక్కువ భాగం పొరపాటున మోగినవే అని ఆయనకు తెలుసు. ఎవరో పడవ కడుగుతూ బ్రాకెట్‌లోంచి బీకన్ తీస్తారు, దాని మీద నీళ్లు పడతాయి, అది మోగుతుంది. పాత బీకన్‌ని బ్యాటరీ తీయకుండా చెత్తలో పడేస్తారు, డంప్ యార్డులో మోగుతుంది. కాబట్టి ఆయన చేసే మొదటి పనుల్లో ఒకటి ఆ సంఖ్య ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో చూసి ఫోన్ చేయడం.

నేను మొదట చెప్పిన చిన్న పని ఇదే, రిజిస్ట్రేషన్. మీ పేరు, పడవ పేరు, రంగు, పొడవు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి. చాలా దేశాల్లో ఆన్‌లైన్‌లో ఉచితం. ఇది చేసి ఉంటే ఆ ఆఫీసర్ మీ ఇంటికి ఫోన్ చేస్తారు: "ఈ పడవ ఇప్పుడు ఎక్కడుంది? రేవులోనా, సముద్రంలోనా? ఎంతమంది ఎక్కారు?" మీ చెల్లెలో, అన్నయ్యో "మంగళవారం బయల్దేరారండీ, నలుగురున్నారు, తెల్ల పడవ, నారింజ రంగు రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప) ఉంది, ఒకరికి ఆస్తమా" అని చెబితే అక్కడితో సందేహం పోయినట్టే. ఏ విమానం పంపాలి, డాక్టర్ అవసరమా, రాఫ్ట్ కోసం చూడాలా పడవ కోసం చూడాలా, అన్నీ ఆ ఒక్క ఫోన్ కాల్‌తో తేలతాయి. రిజిస్ట్రేషన్ లేకపోతే ఇవన్నీ చీకట్లో చేయాలి. అలాగని వదిలేయరు, సంకేతం వస్తూ ఉంటే ఎలాగూ కదులుతారు. కానీ తొలి గంటల్లో పోయే సమయం చల్లటి నీళ్లలో ఉన్న మనిషికి ప్రాణంతో సమానం.

ఫోన్ నంబర్ ఎవరిది ఇస్తారన్నది కూడా ఆలోచించి ఇవ్వండి. మీతో పాటు పడవలో ఉండేవాళ్ల నంబర్ ఇచ్చినవాళ్లను చూశాను. ఫోన్ ఎత్తే అలవాటు ఉన్న, రాత్రి రెండింటికి తెలియని నంబర్ నుంచి కాల్ వచ్చినా తీసే మనిషి కావాలి. ఆ మనిషి దగ్గర మీ ప్రయాణం వివరాలు కాగితం మీద రాసి ఉండాలి: ఎప్పుడు ఎక్కడి నుంచి, ఏ దారిలో, ఎవరెవరు, ఎప్పటికి తిరిగి రావాలి. నంబర్ మారినా, పడవ అమ్మినా రిజిస్ట్రేషన్ మార్చండి. సెకండ్ హ్యాండ్ బీకన్ కొంటే పాత యజమాని పేరు తీయించి మీ పేరు ఎక్కించండి. వేరే దేశం కోడ్‌తో ఉన్న బీకన్ అయితే దాన్ని మీ దేశం కోడ్‌కి మళ్లీ ప్రోగ్రామ్ చేయించాల్సి రావచ్చు, కొనేముందే అడగండి.

ఇప్పుడు మా వైపు నుంచి. నడి సముద్రంలో కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ రాదు, దాని ఇంధనం సరిపోదు. అక్కడ మీ దగ్గరికి వచ్చేది ఎక్కువగా దారిన పోయే సరుకు ఓడే. రెస్క్యూ సెంటర్ ఆ ప్రాంతంలోని ఓడలన్నింటికీ శాటిలైట్ ద్వారా సందేశం పంపుతుంది. బ్రిడ్జి మీద అలారం మోగుతుంది, ప్రింటర్‌లోంచి కాగితం వస్తుంది: ఫలానా అక్షాంశం, ఫలానా రేఖాంశం దగ్గర 406 బీకన్ మోగింది, ఆ చుట్టుపక్కల ఓడలు జాగ్రత్తగా గమనించాలి, సాయం చేయగలిగితే తెలపాలి. వాచ్‌లో ఉన్న ఆఫీసర్ ఆ స్థానాన్ని చార్ట్ మీద పెడతాడు, కెప్టెన్‌ని లేపుతాడు. ఎన్ని మైళ్లు, ఎన్ని గంటలు అని లెక్క చూసి జవాబు పంపుతాం. ఆపదలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడం సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం ప్రకారం కెప్టెన్ బాధ్యత. నాతో పనిచేసిన కెప్టెన్లు ఆ కాగితం చూశాక షెడ్యూల్ గురించి మాట్లాడటం నేను వినలేదు. కోర్సు మార్చేవాళ్లు, బ్రిడ్జికి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన రెక్కల మీద అదనంగా మనుషుల్ని నిలబెట్టేవాళ్లు.

అయితే దూరం దూరమే. 2018 సెప్టెంబర్‌లో తెరచాప పడవల్లో ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో ఒంటరిగా వెళ్తున్న భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు పల్టీ కొట్టింది. తెరచాప కొయ్య విరిగింది, ఆయన వెన్నుకు దెబ్బ తగిలి కదల్లేకపోయారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు దాదాపు 1,900 నాటికల్ మైళ్ల దూరం. బీకన్ మోగింది, ఎక్కడున్నారో తెలిసింది, విమానాలు వెళ్లి పడవను కళ్లారా చూశాయి. అయినా ఫ్రెంచ్ మత్స్య గస్తీ నౌక ఓసిరిస్ చేరి ఆయన్ని ఎక్కించుకునేసరికి మూడు రోజులు పట్టింది. మీ అసలు ప్రశ్న "ఎంతసేపటికి" అన్నదానికి నిజాయితీ గల జవాబు ఇదే. కబురు నిమిషాల్లో చేరుతుంది. మనిషి రావడానికి తీరం దగ్గరైతే గంటలు, నడి సముద్రమైతే రోజులు. కొండల్లో మబ్బులు కమ్మితే హెలికాప్టర్ ఎగరదు, కాలినడకన రావాలి. అందువల్ల బీకన్ ఉందని మంచినీళ్లు, వెచ్చటి బట్టలు, ఫస్ట్ ఎయిడ్ కిట్ తగ్గించుకోకండి.

స్థానం తెలిసినా మనిషి కనపడకపోవడం ఇంకో సమస్య. 2020 నవంబర్ 30న అలాంటిదే అయిన వెండీ గ్లోబ్ రేసులో కెవిన్ ఎస్కోఫియే పడవ దక్షిణాఫ్రికాకు నైరుతిగా, పెద్ద కెరటాల్లో ముక్కలైపోయింది. ఆయన లైఫ్ రాఫ్ట్‌లో పడ్డారు. దగ్గర్లో ఉన్న పోటీదారు జాన్ లె కామ్ బీకన్ స్థానాన్ని బట్టి వచ్చి రాఫ్ట్‌ని చూశారు, మాట కూడా కలిసింది. పడవ తిప్పుకుని వచ్చేలోపు కెరటాల మధ్య మళ్లీ కనపడలేదు. రాఫ్ట్ గాలికి ఎటు కొట్టుకుపోతుందో ఒడ్డున నిపుణులు లెక్కలు కట్టారు, మరో ముగ్గురు పోటీదారులు కూడా వెతకడానికి వచ్చారు. పడవ విరిగిన పదకొండు గంటల తర్వాత, అర్ధరాత్రి దాటాక, చీకట్లో చిన్న లైటు చూసి లె కామ్ ఆయన్ని పట్టుకోగలిగారు. అందుకే లైఫ్ జాకెట్‌కి లైటు, చేతిలో టార్చి, విజిల్, ఫ్లేర్లు (వెలుగుతో సంకేతమిచ్చే మందుగుండు) ఉండాలంటాను. 2022 జూలై నుంచి పెద్ద ఓడల్లో కొత్తగా పెట్టే ఈపర్బ్‌లలో ఏఐఎస్ (తన స్థానాన్ని దగ్గరి ఓడలకు రేడియోలో చెప్పే పరికరం) కూడా తప్పనిసరి చేశారు. చుట్టుపక్కల ఓడల స్క్రీన్ మీద బీకన్ స్థానం నేరుగా కనిపిస్తుంది, అలలతో పాటు కదులుతూ. మీ పడవకి ఈ నిబంధన వర్తించకపోయినా ఏఐఎస్ ఉన్నదే తీసుకోండి.

వాడేటప్పుడు చూసుకోవాల్సినవి. ఈపర్బ్‌కి ఒక తాడు ఉంటుంది. దాన్ని పడవకి కట్టకండి, పడవ మునిగితే బీకన్‌ని కూడా లాక్కుపోతుంది. రాఫ్ట్‌కి కట్టి నీళ్లలో వదలండి, అది నిటారుగా తేలేలా తయారైంది. ఓడల్లో బీకన్‌ని పట్టి ఉంచే హైడ్రోస్టాటిక్ రిలీజ్ అనే చిన్న పరికరం నీటి ఒత్తిడికి తెగి, నాలుగు మీటర్ల లోతుకు చేరేలోపే బీకన్‌ని వదిలేస్తుంది. అందరూ దాన్ని నమ్ముకుంటారు. కానీ చిన్న పడవ తలకిందులై మునగకుండా తేలుతూ ఉంటే ఆ ఒత్తిడి రాదు, బీకన్ పడవ కిందే ఇరుక్కుపోతుంది. కాబట్టి మీలాంటి చిన్న పడవలో ఈపర్బ్ చేతికందే చోట, బయటికి దూకేటప్పుడు పట్టుకుపోయే సంచి పక్కనే ఉండాలి. పడవలో అందరికీ అది ఎక్కడుందో, ఎలా ఆన్ చేయాలో తెలియాలి. సముద్రంలోకి వెళ్లాక కాదు, రేవులో ఉండగానే ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి చూపించండి.

పీఎల్‌బీ దానంతటది మోగదు, మీరే యాంటెన్నా విప్పి నొక్కాలి. యాంటెన్నా ఆకాశం వైపు నిటారుగా ఉండాలి, జీపీఎస్ ఉన్న భాగం మీద చెయ్యి అడ్డు పెట్టకూడదు. నీళ్లలో ఉంటే పైకెత్తి పట్టుకోవాలి, 406 తరంగాలు నీటిలోంచి పోవు. కొండల్లో అయితే బండరాళ్ల కిందా, ఇరుకు లోయలోనూ పెట్టకండి. కదలగలిగితే నాలుగు అడుగులు వేసి ఆకాశం బాగా కనిపించే చోట పెట్టి, అక్కడే ఉండండి. ఆన్ చేశాక బ్యాటరీ ఆదా చేద్దామని ఆపొద్దు. పీఎల్‌బీ కనీసం 24 గంటలు, ఈపర్బ్ కనీసం 48 గంటలు పనిచేయాలన్నది ప్రమాణం. మీ దగ్గరికి వచ్చినవాళ్లు ఆపమనేదాకా మోగనివ్వండి. బ్యాటరీ గడువు తేదీ బీకన్ మీదే రాసి ఉంటుంది, చూసుకోండి. కొత్త బీకన్లు కొన్నింటిలో గెలీలియో ద్వారా "మీ సంకేతం అందింది" అని వెలిగే లైటు ఉంటుంది. 2020 నుంచి ఈ సేవ నడుస్తోంది. ఒంటరిగా చలిలో కూర్చున్న మనిషికి ఆ లైటు పెద్ద ధైర్యం. అది అందిందని చెప్పడమే, బయల్దేరారని కాదు.

పొరపాటున మోగితే భయపడి ఆపేసి ఊరుకోకండి. ఆపి, వెంటనే రెస్క్యూ సెంటర్‌కి ఫోన్ చేసో రేడియోలోనో చెప్పండి. నిజాయితీగా చెప్పినవాళ్లను ఎవరూ తప్పు పట్టరు. చెప్పకపోతే మీకోసం విమానం లేస్తుంది, ఆ సమయంలో ఇంకెవరికో అది అందకపోవచ్చు. 2004లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక విద్యార్థి ఇంట్లో టీవీ పాడై 121.5 మీద కూత వేస్తే, అప్పటికి ఆ ఫ్రీక్వెన్సీ ఇంకా వింటున్న ఉపగ్రహం పట్టుకుంది, గాలింపు బృందం పోలీసులతో సహా తలుపు తట్టింది. అంత చిన్న కూతకి కూడా వాళ్లు వస్తారు, అందుకే దాన్ని వృథా చేయకూడదు. టెస్ట్ చేయాలంటే సెల్ఫ్ టెస్ట్ బటన్ మాత్రమే, అది కూడా తయారీదారు చెప్పినన్ని సార్లే.

ఫోన్‌లో శాటిలైట్ ఎస్ఓఎస్, చేతిలో పట్టుకునే శాటిలైట్ మెసెంజర్ల విషయం. అవి వేరే దారి. ఇరిడియం, గ్లోబల్‌స్టార్ లాంటి వాణిజ్య ఉపగ్రహాల మీదుగా కబురు ముందు ఒక కాల్ సెంటర్‌కి వెళ్లి, అక్కడి నుంచి రెస్క్యూ వాళ్లకు చేరుతుంది. వాటి గొప్ప సుగుణం, మాట్లాడగలగడం. "కాలు విరిగింది, రక్తం పోవడం లేదు, ఇద్దరం ఉన్నాం" అని మీరు రాస్తే బీకన్ చెప్పలేనిదంతా చెప్పినట్టే. నడవలేక ఆగిపోయిన ట్రెక్కర్‌కి ఇది చాలా ఉపయోగం. కానీ ఫోన్‌ని ఆకాశం వైపు గురిపెట్టి పట్టుకోవాలి, ఛార్జింగ్ ఉండాలి, మీరు స్పృహలో ఉండాలి, ఆ ప్రాంతంలో సేవ ఉండాలి. మెసెంజర్లకు చందా కట్టాలి. కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, మెసెంజర్ తీసుకెళ్లడం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు, ముందే కనుక్కోండి. బీకన్‌కి చందా లేదు, ఏళ్ల తరబడి సంచిలో పడున్నా ఒక్క నొక్కుతో 5 వాట్లతో మోగుతుంది. నా సలహా: పడవలో ఈపర్బ్ విషయంలో రాజీ పడకండి, దాని స్థానంలో ఫోన్‌ని లెక్కేయకండి. కొండల్లో పీఎల్‌బీ, మెసెంజర్ రెండూ ఉంటే మంచిది. ఒక్కటే కొనగలిగితే, పదిమంది తిరిగే దారుల్లో నడిచేవాళ్లకు మెసెంజర్, మనిషి జాడ లేని చోటికి ఒంటరిగా వెళ్లేవాళ్లకు పీఎల్‌బీ.

ఏది కొన్నా, పెట్టె తెరిచిన రోజే రిజిస్టర్ చేసి, వచ్చిన నిర్ధారణ కాగితంలో ఉన్న గుర్తింపు సంఖ్య బీకన్ మీద ముద్రించిన దానితో అక్షరం అక్షరం సరిపోయిందో లేదో చూడండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా డ్యూటీ ఆఫీసర్ స్క్రీన్ మీద మీ పేరు కనపడదు.